టాంటా ఉబాల్దీనా దాచుకున్న పేరు

బార్బర్ అనే ఊళ్ళో బిడ్డ పుడితే మొదటి కబురు టాంటా ఉబాల్దీనాకే వెళుతుంది. చర్చిలో ఫాదర్‌గారికి ఆ తర్వాతే. టాంటా అంటే అత్త. వరసకు ఆమె ఎవరికీ అత్త కాదు గానీ ఊరందరికీ అత్తే. తండ్రి పేరులో ఒక ముక్క, తల్లి పేరులో ఒక ముక్క తీసి, రెండూ అతికి, కరీబియన్ సముద్రంలోని ఆ కురసావ్ దీవి మొత్తంలో ఇంకెవరికీ లేని పేరు చేసి ఇస్తుంది. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి ఉడికేలోపు పేరు సిద్ధం. రోమ్యులో, నెలిడాల కొడుకు రొమ్నెల్ అలా వచ్చినవాడే. ఆ రొమ్నెల్ పెద్దవాడై, తన కూతురికి పేరు కోసం మళ్ళీ ఆమె గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఆమె పేరు మాత్రం పాతకాలపుది. పుట్టినరోజున కేలండర్‌లో ఏ పునీతుడుంటే ఆ పేరు తగిలించి చేతులు దులుపుకునేవాళ్ళు అప్పట్లో. ఆ బద్ధకం మీద ఆమెకు ఇప్పటికీ ఒళ్ళుమంటే. అందుకే కాబోలు, తనకంటూ గట్టి నియమం ఒకటి పెట్టుకుంది. ఒక పేరు ఒక్క బిడ్డకే. ఒకరికి ఇచ్చిన పేరు మళ్ళీ ఇంకొకరికి ఇవ్వడమంటే ఒకరు తొడిగి విడిచిన చొక్కా ఇంకొకరికి తొడగడమేనని ఆమె వాదన.

అలాంటి మనిషి మిల్దీనా కూతురికి మూడు వారాలైనా పేరు పెట్టలేదు. ఆదివారం జ్ఞానస్నానం. శుక్రవారం వచ్చేసింది.

పేరు తట్టక కాదు. నిజానికి మిల్దీనా కడుపుతో ఉందని తెలిసిన రోజే తట్టింది. తండ్రి షార్లన్, తల్లి మిల్దీనా. ఆడపిల్లయితే ఆ రెండు పేర్లలోంచి వచ్చే పేరు ఒక్కటే, మిగతావన్నీ బలవంతపు అతుకులే. కానీ ఆ పేరు ఇదివరకే ఒక బిడ్డది. నలభై ఒక్క ఏళ్ళ కిందట, తన భర్త షార్ల్ పేరునూ తన పేరునూ కలిపి ఉబాల్దీనా చేసిన మొట్టమొదటి పేరు అది. ఆ పాప ఒక్క పగలు బతికింది. జ్ఞానస్నానం కాలేదు గనక ఏ పుస్తకంలోనూ ఆ పేరు ఎక్కలేదు. షార్ల్ పోయి కూడా తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఆ పేరు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఇచ్చేస్తే తన బిడ్డకు మిగిలిన ఆ ఒక్కటీ పోతుంది. ఇవ్వకుండా దాచుకుందామంటే మిల్దీనాకు మొహం చూపించలేకపోతోంది.

ఆ మధ్యాహ్నం ఆమె అరుగు మీద కూర్చుని పులుసులోకి బెండకాయలు తరుగుతుంటే, మిల్దీనా బిడ్డను భుజాన వేసుకుని, ముళ్ళకంచె తలుపు కాలితో తోసుకుని లోపలికొచ్చింది.

"ఏం టాంటా, దుకాణం మూసేశావటగా."

"ఎవరన్నారే?"

"రేవు దగ్గర చేపలు కొనేవాళ్ళందరూ అంటున్నారు. ముసలిదాని దగ్గర సరుకైపోయిందట."

"వాళ్ళ పేర్లన్నీ నేను పెట్టినవే. వెనక్కి లాగేసుకుంటానని చెప్పు."

మిల్దీనా నవ్వింది గానీ వచ్చిన పని మర్చిపోలేదు. ఎదురుగా చెక్కపీట లాక్కుని కూర్చుంది. "మాటలతో దాటెయ్యకు. ఎల్లుండి ఫాదర్‌గారు పేరేంటని అడిగితే ఏం చెప్పను?"

"మిల్షార్ అని చెప్పు."

"బట్టల సబ్బులా ఉంది."

"పోనీ లన్మిల్డా."

"అది దోమల మందు. షార్లన్‌తో చెప్తే ఇంట్లో చల్లుకుంటాడు."

టాంటా తల వంచుకుని తరగడం మొదలుపెట్టింది. మిల్దీనా ఆ చేతులనే చూస్తూ గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పు టాంటా. నా బిడ్డ నిలవదని నీకేమైనా అనిపిస్తోందా? అందుకే పేరు పెట్టట్లేదా?"

మిల్దీనాకు అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఛ, అవేం మాటలే. బంగారంలా ఉంది పిల్ల."

"అయితే నేనే చేసుకుంటాలే. నీ దగ్గర చూసి నేర్చుకున్నదేగా. ఆయన పేరులో తల, నా పేరులో తోక." బిడ్డ వీపు మీద వేళ్ళతో తాళం వేస్తూ ఒకటికి రెండుసార్లు గొణుక్కుంది. "షార్... దీనా. షార్దీనా. ఇది బాగోలేదూ?"

టాంటా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ పేరు ఆమె చెవిన పడి నలభై ఒక్క ఏళ్ళు. షార్ల్ ఒక్కసారే అన్నాడు, చిన్న పెట్టె మోసుకుని సమాధుల తోటకు బయల్దేరుతూ. ఆ తర్వాత ఇంట్లో ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక దాచి లాభం లేదనిపించి అంతా చెప్పేసింది. చెబుతుంటే మిల్దీనా బిడ్డను గుండెకు దగ్గరగా లాక్కోవడం చూసింది. చూసి, తను అనుకున్నదే అయిందనుకుంది.

"అందుకే చెప్పలేదే. పోయిన బిడ్డ పేరు. నీకు భయం వేస్తుంది."

మిల్దీనా, "ఆ పాపను ఎన్నిసార్లు పిలిచావు టాంటా?" అని అడిగింది.

"ఒక్కసారి కూడా పిలవలేదు. పుట్టినప్పటినుంచీ నిద్రపోతూనే ఉంది. లేచాక పిలుద్దామనుకున్నా."

గాలికి అరుగు మీద బెండకాయ తొడిమలు దొర్లిపోతున్నాయి. ఇద్దరిలో ఎవరూ వాటిని ఏరలేదు.

"నాకు పోయిన ఇద్దరికీ పేర్లే లేవు," అంది మిల్దీనా చివరికి. "ఏమని తలుచుకోవాలో కూడా తెలీదు. నీకు ఒక పేరైనా ఉంది. నేను భయపడింది ఆ పేరుకు కాదు టాంటా, నీ దగ్గర్నుంచి అది కూడా లాక్కుంటున్నానేమోనని. నువ్వు వద్దంటే ఇంకెప్పుడూ నా నోట ఆ మాట రాదు. సబ్బు పేరే పెట్టుకుంటాం."

టాంటాకు కోపం రాబోయింది, తన మీదే. ఎవరూ ఒక్కసారైనా తొడగని చొక్కాను ఇన్నేళ్ళూ పెట్టెలో పెట్టి తాళం వేసింది. లేచి లోపలికెళ్ళి బెండకాయ జిగురంతా పోయేదాకా చేతులు తోముకుని కడుక్కుంది. బయటికొచ్చి, తడి చేతులు గౌనుకు తుడుచుకుని ముందుకు చాపింది.

"ఇలా ఇవ్వు."

ఒళ్ళో పెట్టుకుని చూస్తే పాప హాయిగా నిద్రపోతోంది. ఊళ్ళో సగం మందికి పేర్లు పెట్టిన మనిషి ఆ పేరును మొదటిసారి పెదాలతో మాత్రమే అంది. మిల్దీనా ఏమీ తెలియనట్టు కంచె వైపు తిరిగి కూర్చుంది.

"షార్దీనా," అంది టాంటా రెండోసారి, పెరట్లో ఉన్న పిల్లను అన్నానికి పిలిచినంత గట్టిగా.

పాప ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఎర్రగా కందిపోయి గుక్కపట్టి ఏడుపు లంకించుకుంది. మిల్దీనా చటుక్కున లేచి అందుకోబోయింది. టాంటా బిడ్డను వదల్లేదు.

"ఏడవనీవే," అంది. "పిలిస్తే పలికింది."