సమ్మక్క మందుల డబ్బా

ఉప్పలయ్యకు ఎవరి పనీ ఒక పట్టాన నచ్చదు. బండి ఫిట్‌నెస్ తనిఖీ దగ్గరికొచ్చేసరికి తన పని కూడా నచ్చదు. బడులు తెరిచేలోపు ఆఫీసరు స్కూలు వ్యాన్‌ను చూసి సరేనంటేనే బండి రోడ్డెక్కాలి. లేదంటే బాగ్ లింగంపల్లి నుంచి నారాయణగూడ దాకా అతను తీసుకెళ్లే పిల్లలంతా ఇంకో బండి చూసుకుంటారు. పోయినవాళ్లు తిరిగి రారు.

అందుకే అశోక్ నగర్ గల్లీలో, కోచింగ్ హాస్టల్ ముందు, వేసవంతా బండి కిందే కాపురం పెట్టాడు. బ్రేకులు సరిచేశాడు. పసుపు రంగు వేయించాడు. వెనకున్న అత్యవసర తలుపును తీసి చూశాడు, మూసి చూశాడు, నమ్మకం కుదరక మళ్లీ తీశాడు.

"అన్నా, బండికి పెండ్లి జేస్తున్నవా?" అని హాస్టల్ కుర్రాళ్లు మేడమీది నుంచి అరిచారు.

"మీదేముందిరా! ఒక్కసారి పాసైతే బతుకంత కుర్సీల కూసుంటరు. నేను ఏటేటా పాసు గావాలె."

బండి మొత్తంలో అతను ముట్టుకోనిది మందుల డబ్బా ఒక్కటే. అది భార్య సమ్మక్క ఇలాకా. పిల్లల్ని ఎక్కించి, దించి, కొట్లాటలు తీర్చే ఆయమ్మ ఆమే.

"డబ్బల అన్ని ఉన్నయానే?" అని ఇద్దరూ ఆర్టీవో ఆఫీసుకు బయల్దేరేముందు అడిగాడు.

"కావల్సినయన్ని ఉన్నయ్."

అక్కడ తనిఖీకి వచ్చిన ఆఫీసరు వయసులో చిన్నది, చూపులో గట్టిది. లైట్లు వేయించింది. వైపర్లు తిప్పించింది. మంటలార్పే సిలిండర్ తేదీ చదివింది. దేనికీ వంక పెట్టలేదు. ఉప్పలయ్య చేయి మీసం మీదికి పోయింది. అప్పుడామె డబ్బా తెరిచింది.

దూది లేదు. గాజుగుడ్డ లేదు. బ్యాండెయిడ్ ఒక్కటీ లేదు. జడ రిబ్బన్లు, రబ్బరు బ్యాండ్లు, దువ్వెన, సోంపు పొట్లం, ఎవరిదో ఒంటి సాక్సు, ఉతికి మడతపెట్టిన చిన్న నిక్కరు ఉన్నాయి.

ఆఫీసరు నిక్కరును రెండు వేళ్లతో పైకెత్తింది. "ఇదేం మందమ్మా?"

"అన్నిట్ల పెద్ద మందు మేడం. ఎల్కేజీ పోరడు బండ్లనే పోసుకుంటే ఏం దొడుగుతరు, దూదా?"

ఆఫీసరు నవ్వాపుకోవడానికి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఉప్పలయ్యకు మాత్రం ఒళ్లు మండింది.

"బ్యాండెయిడ్‌లు ఏమైనయే?"

"ఏడ్సినోళ్లకు ఏసిన."

"దెబ్బ తాకినోళ్లకు ఏస్తరే, ఏడ్సినోళ్లకు గాదు!"

"అమ్మను ఇడిసొచ్చిన పోరికి దెబ్బ యాడ తాకిందని సూస్తవ్? మోకాలి మీద అంటిస్తే ఊకుంటది. కుండల కూడు కుండల్నే ఉండాలె, పిల్లలు బొద్దుగ దుడ్డు లెక్క ఉండాలె అంటే ఎట్లయితదయ్యా?"

ఆఫీసరు నిక్కరును మడత చెడకుండా డబ్బాలో పెట్టింది. "ఎవరికైనా నిజంగా తల పగిలితే? అప్పుడు దూది ఎక్కడిదమ్మా?"

సమ్మక్క నోరు తెరిచి, మూసుకుంది. మాటకు మాట తడుముకోకుండా చెప్పే మనిషి అలా నిలబడిపోవడం ఉప్పలయ్య ఎన్నడూ చూడలేదు. తిడదామని నాలుక చివరిదాకా తెచ్చుకున్నది మింగేశాడు.

"తప్పు నాది మేడం," అన్నాడు. "బండి నాది, పర్మిట్ నా పేరు మీదున్నది. డబ్బ నేను దెరిసి సూడాలె."

"సాయంత్రంలోపు నింపుకుని రండి. అందరిదీ అయ్యాక చూస్తాను."

మండుటెండలో మెడికల్ షాపు వెతుక్కుని నడిచి వెళ్లి వచ్చాడు. డబ్బా నిండింది. బండి పాసైంది. ఇంటికి వస్తుంటే సమ్మక్క డబ్బాలోంచి తీసిన సామాను కొంగులో మూటగట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. చిక్కడపల్లిలో ఉప్పలయ్య బండి పక్కకు ఆపి, ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలోంచి మూత డబ్బా ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"నీ నిక్కర్లు, రిబ్బన్లు ఇందుల పెట్టుకో. మందుల డబ్బ జోలికి మాత్రం రక్తం కారితేనే పోవాలె."

"కారకుంటే?"

ఉప్పలయ్య గేరు మార్చాడు.

బడి తెరిచిన రోజు బాగ్ లింగంపల్లిలో నిహారిక అనే కొత్త పిల్ల ఎక్కింది. ఎక్కడం ఎక్కడమే రాగం అందుకుంది. సమ్మక్క సోంపు పెట్టింది, రిబ్బన్ చూపింది, ఎత్తుకుంది. ఏడుపు ఆగలేదు. ఆమె చేయి మందుల డబ్బా దాకా వెళ్లి ఆగిపోయింది. అద్దంలో మొగుడి వంక చూసింది.

ఉప్పలయ్య బండిని పక్కకు తీసి ఆపాడు. లేచి వెనక్కి వచ్చాడు.

"ఏడ తాకింది బిడ్డా?"

పిల్ల మోచేయి చూపించింది. గీత కూడా లేదు.

"రక్తమేది?"

"లోపలుంది."

బండి మొత్తం అతని వైపే చూస్తోంది. ఉప్పలయ్య ఖాకీ చొక్కా జేబులోంచి బ్యాండెయిడ్ తీసి, మోచేతికి అంటించి, బొటనవేలితో మెల్లగా అదిమాడు.

"డబ్బలది ముట్టలే," అన్నాడు సమ్మక్క వైపు చూడకుండా.

వెనక సీట్లో ఇద్దరు ఒక్కసారిగా ఏడుపు మొదలుపెట్టారు.

"కానియ్ ఇగ," అంది సమ్మక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"బండి కదిలినంక ఏడ్సుడు బంద్," అంటూ ఉప్పలయ్య రెండో జేబులో చేయి పెట్టాడు.