తొమ్మిది నిమిషాల తలుపు

ఆ సినిమాలో తొమ్మిది నిమిషాల పాటు మూసి ఉన్న తలుపు తప్ప మరేమీ కనబడదు. తలుపు అవతల ఒక మనిషి భార్యను కొడుతుంటాడు. రక్తం చూపించరు, గాయం చూపించరు, ఆ మహానుభావుడి మొహం కూడా చూపించరు. ఉన్నదల్లా చప్పుడు. ఆ చప్పుడు భరించలేక సగం హాలు మధ్యలోనే లేచి బయటికి నడిచింది. మిగతా సగం ఆఖర్న లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మొత్తానికి మా సినిమాకి కూర్చున్నవాడు ఒక్కడూ లేడని నిర్మాత అందరికీ చెప్పుకుని నవ్వాడు.

పత్రికలవాళ్ళు కూడా రెండుగా చీలిపోయారు. అవార్డుల కోసం ఆడదాని ఏడుపు అమ్ముకుంటున్నారని ఒకాయన నిప్పులు చెరిగాడు. ఏమీ చూపించకుండానే అంతా చూపించారని ఇంకొకాయన ఆకాశానికెత్తాడు. ఇద్దరూ ఒకే టీకొట్టు దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారట. ఈ గొడవ నడుస్తుండగానే సినిమాకు మూడు అవార్డులు వచ్చాయి. అందులో ఒకటి శబ్దానికి.

ఆ శబ్దాలు చేసినాయన్ని అందరూ చప్పుళ్ళ మాస్టారు అంటారు. తెర మీద హీరో నడుస్తుంటే మనకు వినబడే అడుగులు హీరోవి కావు, ఈయనవి. ఆయన పనిచేసే గదిలో నేలంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఒక గడిలో ఇసుక, ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో చెక్క పలకలు. గోడ వారగా నలభై జతల చెప్పులు, విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన గొళ్ళేలు. కొత్తగా వచ్చినవాళ్ళు అది పాతసామాన్ల కొట్టనుకుంటారు. ఎదురుగా బొమ్మ ఆడుతుంటే దాన్ని చూస్తూ ఆయన నడుస్తాడు, పరిగెడతాడు, తలుపులు వేస్తాడు, కప్పు కింద పెడతాడు. యాభై మూడేళ్ళు వచ్చినా హీరోయిన్ కోసం హైహీల్స్ తొడుక్కుని టకటకా మెట్లు దిగగలడు.

ఈ సినిమాకు మాత్రం చూసి చెయ్యడానికేమీ లేదు. దర్శకురాలు ఇచ్చిన కాగితంలో ఒకే వాక్యం ఉంది: 'లోపల దెబ్బలు వినిపిస్తాయి.' మాస్టారు పాత బట్టలు కుక్కిన సంచి ఒకటి తెచ్చుకున్నాడు, తడి తువ్వాలు తెచ్చుకున్నాడు, ఒక ఖాళీ బకెట్ కూడా తెచ్చుకున్నాడు. మూడు రోజులు గది తలుపు వేసుకుని పనిచేశాడు. మూడో రోజు దర్శకురాలు వచ్చి అంతా వింది.

"ఇవన్నీ ఎక్కడ పట్టారు మాస్టారూ?" అడిగింది.

"అనుభవం అమ్మా," అన్నాడు. అది అబద్ధం మాత్రం కాదు.

ముప్పై ఏళ్ళ కిందట ఆయన అక్క ఇంట్లో ఉండేవాడు. రికార్డింగ్ థియేటర్లో రాత్రిపూట పని, పగలంతా నిద్ర. ఆ ఉద్యోగం ఇప్పించింది బావ. పడుకునే గది బావది, తినే తిండి బావది. బావ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాడు. భోజనంలో ఏదో తక్కువయ్యేది, లేదంటే మాటలో ఏదో ఎక్కువయ్యేది. అప్పుడు అక్కను స్నానాలగదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసేవాడు. ఆ గదికీ తమ్ముడు పడుకున్న గదికీ మధ్య ఒకటే గోడ. మొదటి దెబ్బ పడేలోపు ప్రతిసారీ ఒక చప్పుడు వచ్చేది, కుళాయి తిప్పిన చప్పుడు. ఖాళీ బకెట్లో నీళ్ళు ధారగా పడేవి. తిప్పేది అక్క. పక్కగదిలో తమ్ముడు నిద్రపోతున్నాడు, వాడికి వినబడకూడదు.

తమ్ముడు నిద్రపోవడం లేదు. ఇరవై మూడేళ్ళ మగాడు దుప్పటి ముసుగుతన్ని, కళ్ళు తెరుచుకుని, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. లేస్తే ఉద్యోగం పోతుంది, గది పోతుంది, అక్కకు ఇంకో నాలుగు ఎక్కువ పడతాయి అని ఆలోచిస్తూ ఉండగానే నీళ్ళు ఆగిపోయేవి. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అది భయం. మిగతావన్నీ ఆ భయానికి తొడిగిన చొక్కాలు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా లేవలేదు. సాయంత్రం ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చి ఆవలింత కూడా నటించేవాడు. అక్క టీ అందిస్తూ, "మొద్దు వెధవా, ఇల్లు కూలినా లేవవు కదరా," అని నవ్వేది.

ఆ 'మొద్దు' అన్న పేరు ఇంట్లో అలాగే ఉండిపోయింది. బావ పోయి పదకొండేళ్ళయింది. ఎవరైనా ఆయన మాటెత్తితే, "కోపం ఒక్కటే గానీ మనిషి మంచివాడే," అని అక్క మాట మార్చేసేది. తమ్ముడి నిద్ర సంగతి మాత్రం ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. మాస్టారూ వాళ్ళతో పాటు నవ్వేవాడు. తమ్ముడికి తెలియదన్న నమ్మకం అక్కకు ఎంత అవసరమో ఆయనకు తెలుసు. ఆ నమ్మకం ఒక్కటే ఆమె ఆ ఇంట్లోంచి నలగకుండా తెచ్చుకున్న వస్తువు.

మరి తెలిసీ సినిమాలో ఆ కుళాయి చప్పుడు ఎందుకు పెట్టాడయ్యా అంటే, చేతులు వాటంతటవే పెట్టేశాయి. నీళ్ళు లేకుండా ఆ దెబ్బలు ఆయనకు వినబడవు. అక్క సినిమాలు చూడదు కదా అనుకున్నాడు. అవార్డు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అవార్డు వచ్చిందని తెలియగానే అక్క వీధి వీధంతా చెప్పింది. ఆదివారం పొద్దుటి ఆటకు సినిమావాళ్ళంతా వస్తారనీ, ఆట అయ్యాక జనంతో మాట్లాడతారనీ తెలిసి తానూ వస్తానంది.

"నువ్వు రావద్దక్కా. అది నీకు నచ్చే సినిమా కాదు," అన్నాడు ఫోన్లో.

"సగం మంది లేచిపోతున్నారటగా. నాకు మోకాళ్ళ నొప్పి, లేచిపోలేను. నీకేం భయం?"

"కొట్టుకోవడాలూ అవీ ఉన్నాయి."

"రోజూ టీవీలో చూస్తున్నదేగా. నా తమ్ముడి సినిమా నేను చూడకపోతే ఎవరు చూస్తార్రా మొద్దూ?"

ఇంక ఏమనగలడు? ముప్పై ఏళ్ళయింది, మర్చిపోయి ఉంటుందిలే, నీళ్ళ చప్పుడు ఏ ఇంట్లో ఉండదు గనక అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

హాల్లో ఆమె పక్కనే కూర్చున్నాడు. తెర మీద తలుపు మూసుకుంది. కుళాయి తిరిగింది. నీళ్ళు ఖాళీ బకెట్లో పడ్డాయి. మాస్టారు తెర చూడలేదు, అక్కను చూశాడు. మొదటి దెబ్బ పడింది.

కాసేపటికి వెనక వరసలో కుర్చీలు దబదబా మడుచుకోవడం మొదలుపెట్టాయి. "మనుషులేనా వీళ్ళు," అని ఒకాయన పైకే అంటూ భార్య చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరమ్మాయిలు చెవులు మూసుకుని పరుగులాంటి నడకతో పోయారు. అక్క కదల్లేదు. మెల్లగా కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టెలో పెట్టుకుంది. చూడటానికేమీ లేదు కదా. చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. నీళ్ళు ఆగాక, తలుపు తెరుచుకోకముందే, ఊపిరి వదిలింది. అక్క గుర్తుపట్టిందని అప్పుడే మాస్టారికి తెలిసిపోయింది.

ఆట అయ్యాక చర్చ మొదలైంది. పేరుకు చర్చే గానీ జుట్టూ జుట్టూ పట్టుకోవడం ఒక్కటే తక్కువ. బయటికి వెళ్ళినాయన మళ్ళీ వచ్చి, "నా భార్య బయట కూర్చుని ఏడుస్తోంది. దీనికి అవార్డు ఎందుకిచ్చారో చెప్పండి," అని నిలదీశాడు. ఒక లెక్చరర్ లేచి, నీటి ధ్వని పాపప్రక్షాళనకు సంకేతమన్నాడు. ఇంకొకాయన కాదు, కాలప్రవాహమన్నాడు. ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. సౌండ్ మరీ ఎక్కువైంది, చెవులు చిల్లులు పడ్డాయని ఒకమ్మాయి అంది.

దర్శకురాలు నవ్వి, "కుళాయి నా కాగితంలో లేదండీ. అది మాస్టారి ఆలోచన. ఆయన్నే అడగండి," అని మైకు కిందికి పంపింది.

మైకు ఆయన చేతికొచ్చింది. పక్కనే అక్క. హాలంతా ఇటే చూస్తోంది.

"ఏదో... మరీ ఖాళీగా ఉందని పెట్టాను," అన్నాడు. జనం నవ్వారు. ఎంత నిగర్వి అనుకున్నారు.

అక్క చెయ్యి చాపి మైకు తీసుకుంది. జీవితంలో మైకు పట్టుకోవడం అదే మొదలు, నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"పక్కగదిలో ఎవరో పడుకుని ఉన్నారండి," అంది. "వాళ్ళకి మెలకువ రాకూడదని ఆవిడే తిప్పింది."

హాలు చప్పట్లతో మోగిపోయింది. దర్శకురాలు వేదిక మీంచే, "ఎంత బాగా పట్టుకున్నారమ్మా," అంది. లెక్చరర్ పుస్తకం తీసి రాసుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "సినిమాలో అసలు పక్కగదే లేదు కదండీ," అని సణిగాడు.

ఇద్దరూ బస్టాపుకు నడిచారు. ఎండ చుర్రుమంటోంది. బెంచీ మీద కూర్చున్నాక అక్క అడిగింది.

"ఎన్ని రోజులు మెలకువగా ఉన్నావురా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు.

"అన్ని రోజులూనక్కా."

ఆమె తలూపింది, కూరగాయల ధర విన్నట్టు. తర్వాత, "నీకు టీ ఇస్తూ నవ్వేదాన్ని," అంది. "అద్దంలో చూసుకుని, మొహం కడుక్కుని, నవ్వడం సరిగ్గా వస్తోందా లేదా చూసుకుని మరీ వచ్చేదాన్ని. ఈ ఇంట్లో ఒక్కడికైనా తెలీదు, వాడి ముందు మామూలు మనిషిలా ఉండొచ్చు అనుకునేదాన్ని. నువ్వు కూడా నవ్వేవాడివి."

"లేవాల్సిందక్కా."

"లేచి ఏం చేసేవాడివి? నిన్నూ కొట్టేవాడు," అంది వెంటనే. తమ్ముణ్ణి వెనకేసుకురావడం ఆమెకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అనేశాక ఆగింది. రోడ్డు వైపు చూస్తూ, "కాదు. లేవాల్సింది," అంది.

మాస్టారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చూసింది గానీ ఊరడించలేదు. యాభై ఏళ్ళలో ఆయన ఏడుస్తుంటే అక్క ఊరుకోవడం అదే మొదటిసారి.

దూరంగా ఆమె బస్సు మలుపు తిరిగింది. ఆయన కంగారుగా, "ఆ ముక్క తీయించేస్తానక్కా. రేపే అడుగుతా. జనం కూడా సౌండ్ మరీ ఎక్కువైందంటున్నారుగా," అన్నాడు.

"ఎక్కువేం కాదు," అంది అక్క లేస్తూ. "తక్కువే పెట్టావు. గోడకి అవతల ఉండి విన్నావు కదా, నీకు అంతే వినబడింది."

బస్సు ఆగింది. ఆయన వెనకే ఎక్కబోతే, "నువ్వు తర్వాత దాంట్లో రా," అని ఆమె ఒక్కతే ఎక్కి, అటువైపు కిటికీ పక్కన కూర్చుంది.