నీళ్లు తాగిన పడవ

కొబ్బరి పీచును సబ్బునీళ్లలో ముంచి, లింబయ్య పడవ లోపలి గోడను ఒకే దిక్కుగా రుద్దుతున్నాడు. అటూ ఇటూ రుద్దితే మురికి చోటు మారుతుందే తప్ప వదలదు. కుడి భుజం పైకి లేవడం మానేసి నాలుగేళ్లయింది కనుక, ఎడమ అరచేతిని కుడి మోచేతి కింద ఆసరాగా పెట్టి, చేతిని మరొకరి చేతిలా ముందుకు తోస్తున్నాడు. మోకాళ్ల కింద మడతపెట్టిన గోనెసంచి ఉంది. పది వరసలు రుద్దగానే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ పదకొండో వరస మొదలుపెడుతున్నాడు.

ఇది మూడో రోజు. మొదటి రోజు పడవలో నిలవ ఉన్న నీళ్లు తోడిపోశాడు. రెండో రోజు అడుగున పేరుకున్న పాచినీ, బురదనూ, నత్తగుల్లలనూ రేకు ముక్కతో గీకి తట్టలకెత్తాడు. ఇవాళ తెలుపు బయటపడుతోంది. పన్నెండడుగుల ఫైబర్ పడవ, నడుమ తెరచాప కొయ్య నిలపడానికి ఒక గుంట, వెనుక చుక్కాని తగిలించే రెండు ఇత్తడి కొక్కేలు. కొక్కేలను పొద్దున్నే చింతపండుతో తోమాడు. అక్కడక్కడ చేతికి బొబ్బల్లాంటివి తగిలాయి. కందిగింజంత కొన్ని, రేగుపండంత కొన్ని. పాత పూత ఉబ్బిందనుకున్నాడు. మధ్యాహ్నం మరమ్మతుకు పిలిచిన ఆత్మారాం వచ్చి రేగుమాల్ కాగితం పట్టిస్తే సాపవుతుందనుకుని, వాటి మీద పీచును మెత్తగా ఆడించాడు.

నాలుగు గంటలకు ఉదయశ్రీ వస్తుంది. నిజామాబాద్‌లో ఆమె వ్యాయామ ఉపాధ్యాయిని. ఒక జలాశయం ఒడ్డున బడిపిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పే చిన్న కేంద్రం నడుపుతోంది. మూతపడిన మిల్లు క్లబ్బులో ఇలాంటి పడవ ఒకటి ఉందని ఎవరో చెప్పగా విని, రెండు వారాల కిందట వచ్చి, గోనెలు కప్పి ఉన్నదాన్ని పైపైన చూసి వెళ్లింది. పడవ పనికొస్తే పడవతో పాటు లింబయ్యనూ తీసుకుపోతానన్నది. ఒడ్డు మీద ఒక గది ఉందనీ, కిటికీ తెరిస్తే నీళ్లు కనబడతాయనీ చెప్పింది. ఆ కిటికీ మాట ఆమె మామూలుగానే అన్నది. లింబయ్య మాత్రం ఆ రెండు వారాలూ ప్రతి రాత్రీ ఆ కిటికీని తెరిచాడు.

పడవ పనికిరాకపోతే వెళ్లవలసిన చోటు మోర్తాడ్. అక్కడ కూతురు గంగామణి పసుపు చేలల్లో పని చేస్తుంది. రెండు గదుల్లో అయిదుగురు. నెలాఖరుకు క్లబ్బులోని ఈ షెడ్డునూ, పక్కనే తండ్రి ఉండే గదినీ కూలగొడతారని తెలిసి ఆమె ఫోన్ చేసి రమ్మన్నది. రమ్మన్న గొంతులో ప్రేమ ఉంది. పడక ఎక్కడ వేయాలన్న ఆలోచనా ఉంది.

లింబయ్య ఈ పడవ దగ్గరికి చేరడానికి మంజీర మీద కట్టిన వంతెన కారణం. అతని తండ్రి సాయన్న ఆ ఏటి మీద మనుషులనూ, మేకలనూ, సంతకు పోయే మిరపకాయ బస్తాలనూ దాటించేవాడు. వంతెన వచ్చాక పడవ ఎక్కేవాళ్లు లేకపోయారు. ఎక్కేవాళ్లు లేక పడవను చీల్చి పొయ్యిలో పెట్టారు. పనిలేక లింబయ్య రుద్రూర్ దారిలోని చక్కెర మిల్లుకు చెరకు దింపే కూలిగా వచ్చాడు. అక్కడి అధికారుల క్లబ్బుకు చెరువు ఉంది, బొంబాయి నుంచి లారీ మీద తెచ్చిన ఈ పడవ ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ధైర్యమున్న కూలి లేకపోయాడు. బెస్తవాడని తెలిసి అతన్ని పిలిచారు. తెరచాప సంగతి అతనికి తెలియదు. ఒక సాయంత్రం గాలికి చాప కొట్టుకోవడం గమనించి, తాడు ఎంత లాగితే పడవ ఎటు వంగుతుందో పట్టేశాడు. తొమ్మిదేళ్లు ఆ పని చేశాడు. అతని బతుకులో మనుషులు అతని మాట విన్న తొమ్మిదేళ్లు అవే. పడవ ఎక్కాక ఇంజనీరైనా సరే, లింబయ్య వంగమంటే వంగేవాడు.

మిల్లు మూతపడిన రోజున మేనేజరు జీపు ఎక్కుతూ, పడవ జాగ్రత్త అన్నాడు. ఎలా జాగ్రత్త అన్నది ఆయన చెప్పలేదు. అడగవలసిన అవసరం లింబయ్యకు కనబడలేదు. ఎండాకాలం ఏరు సన్నబడి పడవ ఒడ్డుకెక్కితే తండ్రి ఏం చేసేవాడో అతను చిన్నప్పటి నుంచి చూశాడు. నీడకు లాగి, లోపల నిండా నీళ్లు పోసి, పైన తడి గోనెలు కప్పేవాడు. చెక్క ఎండితే పలకల సందులు విచ్చుకుంటాయి. తడిగా ఉంటే ఉబ్బి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వానలు పడి ఏరు నిండిన నాడు, నీళ్లు తోడేసి తోస్తే పడవ చుక్క కారకుండా తేలేది.

కాబట్టి లింబయ్య ప్రతి ఏడూ హోలీ దాటగానే చేతిపంపు కొట్టి, బిందెలతో మోసి, పడవను నింపాడు. కింద ఇటుకలు పేర్చి, చుట్టూ గోనెలు తడిపి కప్పాడు. ఎండకు తగ్గిన నీటిని ప్రతి సాయంత్రం మళ్లీ పోసి సరిచేశాడు. జీతం ఆగిపోయినా, పొమ్మన్నవారు లేరు కనుక ఉండిపోయాడు. పక్కనే ఉన్న చెంచురామయ్య గారి పొలానికి నీళ్లు కట్టి పొట్ట పోసుకున్నాడు. భార్య హన్మవ్వ బతికి ఉన్నన్నాళ్లూ ఆ బిందెల్ని చూసి దెప్పేది. "గా నీళ్లు బెండకాయ చెట్లకు వోస్తె కూరన్న అయితుండె. నీ పడవకు కాయలు గాస్తయా?" అనేది. ఆమె పోయి ఆరేళ్లు. ఆమె పోయిన ఎండాకాలం కూడా, దశదినం అయిన మర్నాడు అతను పంపు దగ్గరికి వెళ్లాడు. ఒక్క ఏడూ తప్పలేదు. అలా పద్దెనిమిదేళ్లు.

ఆత్మారాం ఒంటిగంటకు స్కూటర్ మీద వచ్చాడు. నిజామాబాద్‌లో కూలర్ డబ్బాలూ, నీళ్ల ట్యాంకులూ పోసే ఫైబర్ పనివాడు. యాభై దాటినవాడు. చేతుల మీద రెసిన్ అంటి ఎండి, వేళ్లు మైనం పూసినట్టుంటాయి. డబ్బాలు దింపి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, కొక్కేల మెరుపు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో పడవ అంచు మీద తట్టాడు. టంగుమన్నది. కొంచెం కిందికి తట్టాడు. ఆ మోత మూగబోయింది. అడుగున తట్టాడు. తడి మట్టిని తట్టినట్టయింది. అతను తట్టడం ఆపి, ఒక బొబ్బను మొనతో పొడిచాడు. చిక్కటి నీరు సన్నగా కారింది. పాత సిర్కా లాంటి పుల్లటి వాసన వచ్చింది.

"లింబన్నా, ఇది ఎన్ని దినాలు నీళ్లల్ల ఉన్నది?"

నీళ్లల్లో ఎక్కడిదని, పద్దెనిమిదేళ్లుగా షెడ్డులోనే ఉన్నదని లింబయ్య చెప్పాడు. మరి లోపలి నుంచి ఎందుకు వాచిందని ఆత్మారాం అడిగాడు. అప్పుడు లింబయ్య ఎవరూ అడగక ఇన్నాళ్లు చెప్పుకోని సంగతిని కొంచెం గర్వంగానే చెప్పాడు.

"ఎండకాలమొస్తె నింపేటోన్ని. మా బాపు లెక్కనే. సందులు ఇడువకుంట."

ఆత్మారాం అతని ముఖంలోకి చూశాడు. నవ్వు వచ్చి ఉంటే అక్కడే ఆగిపోయింది.

"దీనికి సందులేడియే అన్నా? ఇది చెక్కలు గొట్టింది గాదు, అచ్చుల వోసింది. కూలర్ డబ్బ లెక్క ఒక్కటే ముక్క. నీళ్ల మీద తేలుతది గని, నీళ్లు నిలవెడితె తాగుతది. లోపట బలానికని పెట్టిన చెక్క మొత్తం మురిగింది." నచ్చజెబుతున్నట్టే అన్నాడు. "బోర్లేసి ఇడిసిపెడితె అయిపోతుండె. నువ్వు ఏం జెయ్యకున్నా బతుకుతుండె."

లింబయ్య పీచును బకెట్లో వేశాడు. అది మునిగి, మళ్లీ పైకి తేలేదాకా చూశాడు. బాగుచెయ్యవచ్చా అని అడిగాడు. అడుగంతా కోసి, ఎండబెట్టి, కొత్తగా పోయాలనీ, దానికన్నా కొత్త పడవ నయమనీ ఆత్మారాం చెప్పాడు. చెప్పి, లేచి నిలబడి, అతని భుజం వైపు, గోనె మీద మోకాళ్లు దిగిన గుంటల వైపు చూశాడు.

"ఓ పని జేద్దాం. పుట్టీ వెట్టి, తెల్లరంగు గొడ్త. మేడంకు ఏం ఎరుకైతది? ఓ ఏడు గడుస్తది."

"ఏడు గడిసినంక?"

"గప్పుడు సూద్దాం తీ. ఈ రోజుకైతె నీ రూము నీకొస్తది."

లింబయ్య సరేనలేదు, వద్దనలేదు. ఆత్మారాం దాన్ని సరే కింద తీసుకుని పుట్టీ కలపడం మొదలుపెట్టాడు. చాకు అందించమంటే లింబయ్య అందించాడు. గుడ్డ తడపమంటే తడిపాడు. బొబ్బలు ఒక్కొక్కటే గీకి, నింపి, సాపు చేసి, త్వరగా ఆరే రంగు పూసేసరికి మూడున్నర దాటింది. పడవ లారీ నుంచి దింపిన నాడు ఉన్నట్టే ఉంది. అంత తెల్లగా ఉన్నదాన్ని చూస్తూ, తన చేతులు రెండు గంటలుగా దేనికి సాయం చేశాయో లింబయ్యకు తెలుస్తూనే ఉంది. అలసటలో మనిషి అలా చాలా పనులకు చేతులిస్తాడు.

ఉదయశ్రీ చెప్పిన వేళకే వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, ఎండకు కమిలిన ముఖం, పొట్టిగా కత్తిరించిన జుట్టు. పడవను చూడగానే చెప్పులు వదిలేసి దగ్గరికి వచ్చింది. ఇంత బాగా ఉంచారేంటండీ అని నాలుగుసార్లు అన్నది. తెరచాప ఎలా ఉందని అడిగితే, లింబయ్య గదిలోని రేకు పెట్టె తెచ్చి తెరిచాడు. వేపాకు మడతల మధ్య చాప చెక్కుచెదరలేదు. గుడ్డను పొడిగా ఉంచాలని అతనికి తెలుసు. కొయ్యను గుంటలో నిలిపి, తాళ్లు కట్టి, చాప ఎక్కించాడు. చెరువు మీది గాలి షెడ్డులోకి వచ్చి దాన్ని నింపింది. ఇటుకల మీద ఉన్న పడవ ఒక్కసారి కదిలినట్టయింది. ఉదయశ్రీ చప్పట్లు కొట్టింది.

"మా దగ్గర తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉందండీ, సుచిత్రని. ఈత ఇంకా సరిగ్గా రాదు, పడవైతే దిగనే దిగదు. ముందు దాన్నే ఎక్కిస్తాను. మీరు పక్కనుంటే నాకు బెంగ లేదు."

లింబయ్య తాడు ముడి బిగిస్తున్నవాడు ఆగిపోయాడు. నడి ఏట్లో పలక విచ్చుకుంటే నీళ్లు చప్పుడు చేస్తూ రావు. పాదాలు చల్లబడ్డాకనే తెలుస్తుంది. అది అతను ఒకసారి చూశాడు, బిడ్డను నెత్తిన పెట్టుకుని నిలబడిన ఒక ఆడమనిషి ముఖంలో. ముడి విప్పాడు. చాప గాలి వదిలి జారింది.

"మేడం, గిట్ల రాండ్రి. గీడ బొటనవేలు వెట్టి ఒత్తుండ్రి."

ఆమె వంగి ఒత్తింది. కొత్త రంగు ముడతపడింది. వేలు దిగిన చోట గుంట అలాగే ఉండిపోయింది. అంచు నుంచి పుల్లటి చెమ్మ ఊరింది.

"లోపట మెత్తవడ్డది. రంగు ఇప్పుడు ఏసిందే. నేనే ఏండ్లకేండ్లు నీళ్లు వోసి ఖరాబు జేసిన. పిల్లల నెక్కియ్యొద్దు."

ఆత్మారాం తల దించుకుని డబ్బాల మూతలు బిగించసాగాడు. ఉదయశ్రీ తడిసిన వేలిని వాసన చూసింది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండీ."

"గందుకే చెప్తున్న."

ఆమె కోప్పడలేదు. ఎందుకు నీళ్లు పోశారని అడిగి, వంతెన దగ్గర నుంచి అంతా విన్నది. చాప, కొయ్య, చుక్కాని పనికొస్తాయనీ, వాటిని తీసుకుంటాననీ అన్నది. తర్వాత, పడవ లేకున్నా లింబయ్య రావచ్చనీ, కేంద్రం వాళ్లను అడిగి చూస్తాననీ అన్నది. ఆ మాట నిజంగానే అన్నది. కానీ మనిషిని పెట్టుకోవడానికి వాళ్లు ఒప్పుకున్నది పడవ వస్తుందనే. రెండు వారాల కిందట ఆ సంగతి చెప్పింది ఆమే. చెప్పిన సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"పడవ లేనప్పుడు పడవోనికి ఏం పనుంటదమ్మా," అన్నాడు లింబయ్య. మొదటిసారి ఆమెను మేడం అనలేదు.

ముగ్గురికీ టీ పెట్టాడు. గది గడపలో కూర్చుని తాగారు. ఉదయశ్రీ కొయ్యనూ, చుక్కానినీ కారు పైన కట్టించుకుని, చాపను ఒళ్లో పెట్టుకున్నట్టుగా ముందు సీట్లో పెట్టుకుని వెళ్లింది. ఆమె వెళ్లాక, బస్సు ఎప్పుడుందని లింబయ్య అడిగాడు. ఇవాళే ఎందుకు, నెలాఖరు దాకా ఉండొచ్చు కదా అన్నాడు ఆత్మారాం. ఇక్కడ చూసుకోవడానికి ఏమీ లేదని లింబయ్య జవాబు. ఇద్దరూ కలిసి పడవను ఎత్తి, తిప్పి, ఇటుకల మీద నేలకు ముఖంగా దించారు. ఎత్తేటప్పుడు లింబయ్య ఎడమ భుజాన్ని అంచు కింద పెట్టాడు. ఎందుకిదంతా, షెడ్డు కూల్చేటప్పుడు దీన్ని ఎలాగూ కోసి పారేస్తారు కదా అని ఆత్మారాం అడగలేదు.

ఒక సంచీ, ఒక గొంగడి. తాళంచెవి చెంచురామయ్య గారింట్లో ఇచ్చి, కూతురికి ఫోన్ చేసి, స్కూటర్ వెనక కూర్చున్నాడు. బోధన్‌లో దిగితే నిజామాబాద్ బస్సు, అక్కడి నుంచి మోర్తాడ్ బస్సు. చెరకు ట్రాక్టరు ఒకటి ఎదురొచ్చి, దుమ్ము లేచి, స్కూటరు మలుపు తిరిగింది. ఆ వైపు నుంచి మళ్లీ ఎవరూ రాలేదు.

గది ముందు అరుగు మీద, అతను కడిగి పెట్టి సంచీలో వేయడం మరిచిన స్టీలు గ్లాసు ఒకటి బోర్లా ఉంది. దాని అంచు నుంచి జారిన నీళ్లు బండ మీద గుండ్రటి తడిగీత గీశాయి, ఆ గీత బయటి వైపు నుంచి మెల్లగా ఆరుతోంది.