ఒక చెవి ఇస్త

త్రివేణి ఇంటర్లో ఫ్రెంచ్ తీసుకున్నది అందరిలాగే మార్కుల కోసం. మార్కులొచ్చాక కూడా ఆ భాషను వదలనిది మాత్రం ఆ బ్యాచ్‌లో ఆమె ఒక్కతే. ఇప్పుడు నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో అదే ఫ్రెంచ్ చెబుతోంది. శనివారం సాయంత్రాలు బంజారాహిల్స్‌లో ఒక హోటల్లో జాజ్ పాడుతుంది. సగం ఫ్రెంచ్ పాటలు, సగం అమెరికా పాటలు. వినేవాళ్ళు సూప్ తాగుతూ వింటారు. చెంచాలు చప్పుడు చేస్తాయి, ఎవరిదో ఫోన్ మోగుతుంది, అయినా అక్కడ ఆమె గొంతు వెన్నలా సాగుతుంది.

నలభై దాటాక ఆల్బం చేయాలని బుద్ధి పుట్టింది. పాడటానికి తను, కీబోర్డు వాయించి రికార్డు చేయడానికి రాజీవ్. గాంధీనగర్‌లో ఉంటాడు, ప్రకటనలకీ సీరియళ్ళకీ వాయించి బతుకుతాడు, త్రివేణిని అక్కా అంటాడు. ఇద్దరూ ఒక స్టూడియోకి వెళ్ళారు. అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆమె పాడింది. రాజీవ్ అవతల నుంచి విని, తల గోక్కున్నాడు.

"అంతా కరెక్టే ఉందక్కా. శ్రుతి ఉంది, తాళం ఉంది. కానీ వార్తలు చదివినట్టుంది."

మళ్ళీ పాడింది. ఈసారి కాచిగూడ స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పినట్టు వచ్చిందని ఆమే ఒప్పుకుంది. జబ్బేమిటో ఆమెకు తెలుసు. ఎదురుగా మనిషి లేకపోతే ఆమె పాట పాట కాదు.

సరే, మనుషులనే కూర్చోబెడదామని చిక్కడపల్లిలో త్రివేణి ఇంటి ముందుగదిలోనే మైకు పెట్టారు. త్రివేణి తండ్రి కిషన్ రావు, కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, తన స్నేహితులని నలుగురిని పోగుచేశాడు. వాళ్ళు ఎంత ప్రేమగా విన్నారంటే ఒక్క పాట కూడా పనికిరాలేదు. ఒకాయన తొడ మీద ఆదితాళం వేశాడు. ఒకాయన దగ్గాడు, దగ్గినందుకు పక్కాయనకి క్షమాపణ చెప్పుకున్నాడు. పాట మధ్యలో కిషన్ రావు వహ్వా అన్నాడు.

"మధ్యల వహ్వా అనకు బాపూ."

"మంచిగుంటే అనొద్దా?"

దానికి జవాబు చెప్పేలోపు కింద ఉల్లిగడ్డల బండి మైకులో అరుస్తూ వచ్చింది. రాజీవ్ మిషను కట్టేశాడు.

"మనుషులుండాలె, చప్పుడుండొద్దు," అన్నాడు తలపట్టుకుని. "పట్నంల గసువంటి జాగ యాడుంటది?"

"అశోక్‌నగర్‌ల ఉంటది," అన్నాడు కిషన్ రావు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నాగేందర్ స్టడీ హాల్ల. పొద్దుగూకులు చదువుకుంట కూసుంటరు, ఒక్కడు నోరు తెరవడు. ఆ బిల్డింగుకు మీటర్ ఇచ్చింది నేనే. పాండ్రి, అడుగుదాం."

నాగేందర్ భారీ మనిషి. సర్కారు నౌకరీలకి చదువుకునే పిల్లల మధ్య ఏళ్ళ తరబడి మసలి మసలి ఆయన గొంతు గుసగుసకి అలవాటు పడిపోయింది. రోడ్డు మీద ఆటోవాడితో బేరం కూడా గుసగుసగానే చేస్తాడు. విషయం వినగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, గొంతు మాత్రం పెరగలేదు.

"పాటలా? నా హాల్లనా?"

కిషన్ రావు మీటరు సంగతి గుర్తుచేశాడు. నాగేందర్ మెత్తబడ్డాడు.

"ఐతారం పగటీలి రాండ్రి. బువ్వ తిన్నంక అందరికి నిద్ర తూలుతది, ఎట్లనూ బుర్రకెక్కది. గని నేను ఎవలనూ చదువుడు బంద్ చెయ్యమని చెప్ప. రమ్య ఒప్పుకోవాలె ముందుగాల."

రమ్య ఆ హాల్లో చదువుకునే అమ్మాయే. జనగామ దగ్గర ఊరు. మూడోసారి గ్రూప్స్ రాస్తోంది. గోడ మీద అంటించిన నియమాలన్నీ ఆమె రాసినవే: ఫోన్లు బంద్, చిప్స్ ప్యాకెట్లు బంద్, గట్టిగా నిట్టూర్పులు కూడా బంద్. నాగేందర్‌తో సహా అందరికీ ఆమె అంటే భయం. మెట్ల మీదికొచ్చి, చేతులు కట్టుకుని, త్రివేణిని ఇంటర్వ్యూ చేసింది.

"ఏ భాషల పాడుతరు మేడం?"

"ఫ్రెంచ్, ఇంగ్లిష్."

"తెలుగైతే వద్దంటుంటి. ఫ్రెంచ్‌తోని ఫికర్ లేదు, సమజ్ కాదు కాబట్టి డిస్టర్బ్ కాదు. ఇంగ్లిష్‌వి జర మెల్లగ పాడుండ్రి."

ఆదివారం వచ్చింది. ఏసీ ఆపారు, కిటికీలు మూశారు. చెక్క అడ్డుపలకల మధ్య ఎవరి గూట్లో వాళ్ళు, ఎవరి బల్ల మీద వాళ్ళ చిన్న దీపం. మంచినీళ్ళ కూలర్ పక్కన నిలబడ్డ త్రివేణికి పలకల మీదుగా కనిపించేవి నుదుళ్ళు, పాపిడులు మాత్రమే. రాజీవ్ వేలు ఊపాడు. మొదలుపెట్టింది.

మొదటి పాట అయింది. ఒక్క తల లేవలేదు. నిశ్శబ్దంలో ఎవరో పేజీ తిప్పారు. సూప్ తాగేవాళ్ళే నయమనిపించింది త్రివేణికి. కనీసం ఉప్పు అందుకుంటూనైనా ఇటు చూసేవాళ్ళు.

హాలు మొత్తానికి ముఖం పూర్తిగా కనిపించే మనిషి రమ్య ఒక్కతే. ఆమె కుర్చీ చివర, పక్కకి తిరిగి ఉంది. ఈ పిల్ల తల ఎత్తితే చాలు, మిగతావాళ్ళ సంగతి తర్వాత చూద్దాం అనుకుంది త్రివేణి. రెండో పాట ఆమెకే పాడింది. ఉన్న విద్యలన్నీ బయటికి తీసింది: స్వరాన్ని జార్చింది, ఊరించింది, ఊపిరి మాత్రమే మిగిలేదాకా తగ్గించి మళ్ళీ ఎత్తుకుంది. రమ్య పసుపు పెన్నుతో ఒక లైను కింద గీత గీసింది. మూడో పాటలో త్రివేణి దాదాపు బతిమాలింది. రమ్య ఇంకో గీత గీసింది.

పాట అయ్యాక రాజీవ్ బాగుందన్నట్టు తలూపాడు కానీ, అది స్టూడియోలో చూసిన ముఖమే.

కాసేపు ఆపారు. రమ్య సీసాలో నీళ్ళు నింపుకోవడానికి కూలర్ దగ్గరికి వచ్చింది. సీసా కింద పెట్టి, ముందు కుడి చెవిలోంచి, తర్వాత ఎడమ చెవిలోంచి, రెండు స్పాంజి బిరడాలు పీకింది.

"అయిపోయినాయా మేడం?"

త్రివేణి ఆ బిరడాల వంక చూసింది. కడుపులో ఎక్కడో నవ్వు మొదలైంది. ఆ హాల్లో పైకి నవ్వడానికి లేదు. చున్నీ నోట్లో కుక్కుకుని కింద కూర్చుంది. ఆమెను చూసి రాజీవ్ కీబోర్డు మీద వాలిపోయాడు, అది గుయ్యిమంది. గుమ్మంలోంచి నాగేందర్ పరుగున వచ్చి, "నవ్వకుండ్రి, నవ్వకుండ్రి," అని గుసగుసలాడాడు. ఆ గుసగుసకి త్రివేణికి నవ్వు ఇంకా ఎక్కువైంది.

"ఏమైంది?" అంది రమ్య. ఆమె కొంచెం మనసు కష్టపెట్టుకున్నట్టే ఉంది.

కళ్ళు తుడుచుకుని త్రివేణి చెప్పింది. "రెండు పాటలు నీకోసమే పాడిన తల్లీ."

"నాకోసమని ముందే చెప్పాలె గద మేడం." రమ్య నిజాయితీగా ఆలోచించింది. పుస్తకం వైపు చూసింది, త్రివేణి వైపు చూసింది. "రెండు చెవులు ఇయ్యలేను. పాలిటీ రివిజన్ ఉన్నది. ఒక చెవి ఇస్త."

ఒక బిరడా జేబులో వేసుకుని, రెండోది పెట్టుకుని, వెళ్ళి కూర్చుంది.

తర్వాతిది అమెరికా పాట. ఆలస్యంగా ఇంటికొచ్చిన మొగుడితో, కాఫీ చల్లారింది, నేను డాన్సుకి పోతున్నా, నువ్వు గిన్నెలు కడుగు అని ఒక ఆడమనిషి చెప్పే పాట. నవ్వీ నవ్వీ త్రివేణి ఒళ్ళంతా వదులైపోయింది. ఇప్పుడామెకి ఎవరినీ గెలవాల్సిన పని లేదు. ఎదురుగా ఒక చెవి ఉంది, దానికి ఒక సంగతి చెప్పాలి, అంతే. చెప్పింది. సగం పాట దగ్గర పెన్నుల గరగర ఆగిపోయిందని గమనించింది. నుదుళ్ళ కింద కళ్ళు కనిపించసాగాయి.

అప్పుడు గురక వినపడింది. రమ్య పక్క బల్ల మీద ముత్యాలు అనే కుర్రవాడు ఆధునిక భారత చరిత్ర మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. గురక సరిగ్గా చరణానికీ చరణానికీ మధ్య ఖాళీలో పడింది. రమ్య కాలు చాచి అతని కుర్చీని తన్నబోయింది. త్రివేణి వద్దని తలూపింది. తర్వాతి గురక కూడా తాళంలోనే వచ్చింది. రాజీవ్ దానికి కీబోర్డు అట్టడుగు మెట్టు మీద జవాబిచ్చాడు. ముత్యాలు మళ్ళీ అందుకున్నాడు. అలా ఆ పాట ముగ్గురూ కలిసి పూర్తిచేశారు.

చప్పట్లు నిషేధం. అది నియమాల్లో ఉంది. మూలనుంచి ఎవరో తన బల్ల దీపం ఆర్పి వెలిగించారు. ఇంకొకరు. కాసేపట్లో హాలు హాలంతా మిణుకుమిణుకుమంది. రమ్య దీపం కూడా.

"స్విచ్చులు ఖరాబైతయి," అని నాగేందర్ గుమ్మంలోంచి గొణిగాడు.

ఆ వెలుతురుకి ముత్యాలు లేచాడు. తాను నిద్రపోలేదని చూపించుకోవడానికి వెంటనే ఒక ప్రశ్న వేశాడు. "మేడం, జాజ్ యాడ పుట్టింది?"

"న్యూ ఆర్లీన్స్‌లో."

పెన్నులన్నీ ఒక్కసారి కదిలాయి.

"ఏ రాష్ట్రం?"

"లూసియానా."

"రాజధాని?"

త్రివేణికి చప్పున తట్టలేదు. "బాటన్ రూజ్," అంది రమ్య, తల ఎత్తకుండానే.

"అరే, అది ఫ్రెంచ్ మాట," అంది త్రివేణి. "ఎర్ర కర్ర అని. ఫ్రెంచోళ్ళు అక్కడ చాన్నాళ్ళు ఉన్నరు. అందుకే నా ఆల్బంల రెండు భాషలూ ఉన్నయి."

"ఎర్ర కర్ర," అని రాసుకుంది రమ్య. ఒక నిమిషం దాన్నే చూసింది. తర్వాత రెండో బిరడా కూడా తీసేసింది. "ఇట్ల చెప్తె యాదికుంటది. ఇంకొకటి పాడుండ్రి."

ముందు చెడిన మూడూ మళ్ళీ పాడింది, మరి రెండు కొత్తవి పాడింది. చివర ఒక ఫ్రెంచ్ పాట మిగిలింది. అదీ అయ్యాక రాజీవ్ వైర్లన్నీ చుట్టేశాడు, అందరూ టీకి కిందికి దిగారు. లోపల పొద్దున్నుంచీ నోరు మెదపని పిల్లలు బండి దగ్గర ఒక్కసారే మాట్లాడారు. ఆ గోలలో రమ్య గ్లాసు పట్టుకుని త్రివేణి పక్కకి వచ్చింది.

"గా ఆఖరి పాట ఎవలో సచ్చిపోయిన పాట గదా మేడం?"

"కాదు. ఒకామె గొడుగు పోగొట్టుకుంటది. పారిస్ అంతా తిరిగి దేవులాడుతది. తమాషా పాట అది."

"గొడుగు కోసం గంత తిరుగుడా?"

"అవును, నవ్వుకోనీకి."

రమ్య టీ ఊదుకుంది. "ఒట్టి గొడుగైతే ఇంకోటి కొనుక్కుంటది. అది ఎవలో ఇచ్చినదై ఉంటది మేడం. ఆ ఇచ్చినోడు లేడు. నాకు గట్లనే వినొచ్చింది."

త్రివేణి ఆ పాట ఎన్నో ఏళ్ళుగా పాడుతోంది. హోటల్లో అది పాడినప్పుడల్లా చెయ్యి పైకెత్తి గొడుగు పట్టుకున్నట్టు నటించేది, జనం నవ్వేవాళ్ళు. ఇచ్చినవాడి ఊసు పాటలో ఎక్కడా లేదు. మనసులోనే మొదటి నుంచి చివరిదాకా మాటలు తిప్పుకుని చూసింది. లేడు. లేడు కాబట్టే ఆమె అన్ని వీధులు తిరుగుతోందా?

టీ సగంలో వదిలేసింది.

"రాజీవ్, వైర్లు విప్పు."

"అంతా సర్దిననక్కా."

"విప్పరా జర. ఒక్కటే."

మళ్ళీ అందరూ పైకెక్కారు. ఈసారి త్రివేణి చేతులు రెండూ కిందికి వదిలేసి, ఎవరి ముఖమూ చూడకుండా, ఒక వీధి తర్వాత ఒక వీధిగా ఆ పాట పాడింది. అయ్యాక ఎవరూ దీపాలు ఆర్పలేదు. రమ్య పుస్తకం మూసే ఉంది.

ఆల్బం వానాకాలంలో నెట్‌లోకి వచ్చింది. వేలమంది ఏమీ వినలేదు గానీ, విన్నవాళ్ళు మళ్ళీ విన్నారు. కాఫీ పాట కింద ఎవరో విదేశీయుడు రెండో చరణం దగ్గర వినిపించే వాయిద్యం ఏమిటని అడిగాడు. రాజీవ్ ముత్యాలు అని జవాబు రాశాడు. ఆయన అది ఇండియాలో ఎక్కడ దొరుకుతుందని మళ్ళీ అడిగాడు.

రమ్య ప్రిలిమ్స్ పాసైంది. ఆ సంగతి చెప్పడానికి చిక్కడపల్లి వచ్చినప్పుడు, ఆల్బం ఎట్లుందని త్రివేణి అడిగింది.

"ఇంక విననే లేదు మేడం," అంది రమ్య, ఏమాత్రం మొహమాటం లేకుండా. "మెయిన్స్ కానీయుండ్రి. నిమ్మళంగ వింట."