ఎర్ర గడులు

"కెమెరా మెమరీ నిండిపోయిందని నా ఫోన్‌కి మెసేజీలు వస్తున్నాయి. కాస్త ఆ రికార్డింగ్ సెట్టింగులు చూడు, ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా," అని మా ఆయన ఫోన్ పెట్టేశారు.

ఇంట్లోనే ఉంటాను, నిజమే. హాల్లో డైనింగ్ టేబుల్ మీద ఆఫీసు పని పరుచుకుని, ఒక చెవి మీటింగుకీ ఇంకో చెవి అత్తయ్య పిలుపుకీ అప్పగించి ఉంటాను. పోయినేడు అత్తయ్య బాత్రూమ్‌కి వెళ్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పుడు ఆఫీసుకెళ్ళడం మానేసి ఇంటి నుంచే పనిచేస్తానని అడిగి ఒప్పించుకున్నది నేను. "నీ ఉద్యోగానికి ఆ వీలుంది కదా," అన్నారాయన. ఆయన ఉద్యోగానికీ ఉంది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. హాల్లోకి ఈ కెమెరా వచ్చింది కూడా అప్పుడే, అత్తయ్య మళ్ళీ పడితే తెలియడం కోసం.

లాప్‌టాప్‌లో సెట్టింగులు తెరిచాను. అత్తయ్య వాకర్ పక్కన పెట్టుకుని నా భుజం మీంచి చూస్తోంది. హాలు మొత్తం బొమ్మలా కనిపిస్తోంది, దాని మీద అక్కడక్కడా ఎర్ర గడులు.

"అవేంటే?"

"ఆ గడుల్లో ఎవరైనా కదిలితేనే రికార్డవుతుంది అత్తయ్యా. మిగతా చోట ఏం జరిగినా పట్టించుకోదు."

వీధి తలుపు మీద ఉన్నాయి. వంటింటి గుమ్మం మీద ఉన్నాయి. నేను కూర్చునే కుర్చీ చుట్టూ దట్టంగా ఉన్నాయి.

"మరి నా కుర్చీ మీద లేవేం?" అంది అత్తయ్య.

బాత్రూమ్ దారిలో కూడా ఒక్కటీ లేదు. సాయంత్రాలు ఆయన ఇంటికొచ్చి అడిగేవన్నీ గుర్తొచ్చాయి. "ఇవాళ అంతసేపు నవ్వుతూ ఎవరితో మాట్లాడావు?" "కొరియర్ అబ్బాయిని గుమ్మంలో అంతసేపు నిలబెట్టావేం?" "మధ్యాహ్నం టేబుల్ మీద తల వాల్చావు, జీతమిచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" అన్నీ నవ్వుతూ అన్న మాటలే. కెమెరాలో వాళ్ళమ్మని చూసుకుంటూ ఉంటే మధ్యలో నేను కంటపడ్డాననుకునేదాన్ని. కుర్చీలో ఒక కాలు పైకి మడిచి కూర్చోవడం ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. ఈ గడుల్ని నాకు కనపడకుండా చేద్దామనైనా ఆయనకి తోచలేదు, సెట్టింగులు చూడమని నాకే చెప్పారు. ఇందులో దాచాల్సిందేదో ఉందని ఆయన అనుకోలేదు. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అత్తయ్య తెర మీదికి ఇంకాస్త వంగి చూసింది. తర్వాత, "నా పేరు చెప్పి పెట్టాడన్నమాట," అంది మెల్లిగా.

"మీకు అసలు కెమెరా కావాలా అత్తయ్యా?"

ఆ ప్రశ్న ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. ఆలోచించి చెప్పింది. "బాత్రూమ్ దారి వరకూ ఉంచు. పడితే తెలియాలిగా. మాటలు మాత్రం రికార్డు కానివ్వకు. నొప్పికి మూలుగుతుంటాను, అది వాడు వినక్కర్లేదు."

ఉన్న గడులన్నీ చెరిపేశాను. అత్తయ్య కుర్చీ దగ్గర్నుంచి బాత్రూమ్ తలుపు దాకా కొత్తవి వేశాను. ఆమె వాకర్ పట్టుకుని నడిచి చూపించింది. నడక మరీ నెమ్మది, రికార్డింగ్ మొదలవలేదు. చిన్న కదలిక కూడా పట్టేలా మార్చి, మళ్ళీ నడిపించాను. ఈసారి పట్టుకుంది. సౌండ్ తీసేశాను.

సాయంత్రం ఆయన బూట్లు విప్పకుండానే అడిగారు. "సెట్టింగు తప్పు పెట్టినట్టున్నావు. టేబుల్ వైపు ఒక్క క్లిప్పూ రాలేదు."

"తప్పు కాదండీ. అత్తయ్య కోసం పెట్టాను."

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు. "నేనే పెట్టించాను," అంది.

"నీ భద్రత కోసం కూడా కదా అది," అన్నారు నాతో, కాస్త తగ్గి.

నాకు పోట్లాడాలనిపించలేదు. మధ్యాహ్నం మా ఆఫీసుకి ఫోన్ చేసి మాట్లాడేశాను, అత్తయ్యతోనూ చెప్పాను.

"వచ్చే వారం నుంచి మూడు రోజులు ఆఫీసుకి వెళ్తున్నాను," అన్నాను. "ఆ మూడు రోజులూ ఈ కుర్చీలో కూర్చుని మీరు పని చేసుకోండి. మిమ్మల్నెవరూ చూడరు."