గుడ్డు మీది పెన్సిల్ తేదీ

టామ్సిన్ ప్రొథెరో ఇంతవరకూ ఎవరి దగ్గరా అనని మాట ఒకటుంది. జూన్ నెలలో ఆ ఆరు ఈము గుడ్ల మీద తప్పు తేదీ రాసింది తనే. పొరపాటున రాయలేదు. అక్క మీద కడుపు మండి రాసింది.

అంతకుముందు ఆమె రాత ఎప్పుడూ తప్పలేదు. వాళ్ల దేశంలో జూన్‌లో వచ్చే చలికాలమంతా తెల్లవారగానే బూట్లు తొడుక్కుని, చెవి వెనక పెన్సిల్ దోపుకుని, మంచు పట్టిన గడ్డిలో గుడ్లు వెతికేది. పెద్ద మామిడికాయంత గుడ్లు, ముదురాకుపచ్చవి. తుడిచి, వెచ్చటి పెట్టెలో సర్ది, ప్రతి దాని మీదా ఆ రోజు తేదీ రాసేది. కోడిగుడ్డునైతే దీపం ముందు పెట్టి లోపల ఏముందో చూడొచ్చు. ఈము గుడ్డు పెంకులోంచి వెలుగు దూరదు. లోపల పిల్ల ఎంతవరకూ వచ్చిందో చెప్పేది ఆ పెన్సిల్ తేదీ ఒక్కటే.

గుడ్లకీ అదే ఆధారం. ప్రొథెరోల పొలంలో గుడ్లు తమ మీద రాసింది నమ్ముతాయి. నానమ్మ ఒకసారి నీరసపు గుడ్డు మీద ‘తొందరేం లేదు’ అని రాస్తే, అది నాలుగు రోజులు ఎక్కువ తీసుకుని బొద్దు పిల్లైంది. ఒక ఏడు నాన్న గార్త్ కాగితం దొరక్క గుడ్డు మీదే ‘మేకులు, రంగు డబ్బా, టీ పొడి’ అని రాసుకున్నాడు. ఆ పిల్ల బతికినన్నాళ్లూ మేకుల కోసం షెడ్డు చుట్టూ తిరిగింది. అప్పట్నుంచీ నాన్న చేతికి పెన్సిల్ ఇవ్వటం మానేశారు. ఆ పని టామ్సిన్‌ది.

అక్క బ్రోన్విన్ ఐదేళ్లు పెద్దది. మెల్బోర్న్‌లో ఒక ప్రయోగశాలలో ఈము రెక్కల మీద పనిచేస్తుంది. ఈముకి అంత పొడవు కాళ్లుండి రెక్కలు మాత్రం వేలెడంత ఎందుకున్నాయన్నది ఆమె ప్రశ్న. గుడ్డులో కాళ్ల మొలకలు వేళకి లేస్తాయి. రెక్కల మొలకలు మాత్రం నిద్రపోతూ ఉండిపోయి, తర్వాతెప్పుడో లేస్తాయి. ఆలస్యంగా లేచినదానికి మిగిలేది తక్కువ.

ఆ సంగతి మొదట కనిపెట్టింది టామ్సిన్. అప్పుడామెకి తొమ్మిదేళ్లు. కిందపడి పగిలిన గుడ్డుని పళ్లెంలో పెట్టి అక్కకి చూపించింది. “చూడు బ్రోన్, కాళ్లు లేచాయి, చేతులింకా పడుకునే ఉన్నాయి. ఆదివారం పూట నాన్నలాగా!” అంది. బ్రోన్ పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వటం ఆపి చాలాసేపు పళ్లెంలోకి చూసింది.

అమ్మకి జబ్బు చేసిన ఏడు టామ్సిన్ బడి మానేసింది. బ్రోన్ అప్పటికే నగరంలో చదువుతోంది. సెలవలకి వచ్చినప్పుడల్లా అక్క వదిలేసి వెళ్లిన లావు పుస్తకాలు టామ్సిన్ ఒక్కత్తే కూర్చుని చదివింది. అర్థంకాని పేజీ పదిసార్లు చదివింది. అక్క పసుపు గీతలు గీసినచోట ‘ఇక్కడ కాదే, కింది వాక్యం ముఖ్యం’ అని అంచుల్లో రాసింది. గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, మన చెయ్యి అన్నీ ఒకే సరుకుతో తయారవుతాయట. కొండచిలువకి కూడా కాళ్లు మొదలవుతాయట, మధ్యలో ఆగిపోతాయట. జన్యువులు ఇంచుమించు అవే. ఏది ఎప్పుడు మేల్కొంది, ఎంతసేపు మెలకువగా ఉంది అన్నదాని మీదే ఒళ్లంతా నడుస్తుంది. అది చదివినప్పుడు టామ్సిన్‌కి పక్షులు గుర్తుకురాలేదు. ఒకే అమ్మ, ఒకే నాన్న, ఒకే సరుకు. అక్కని వేళకి లేపి, తనని ఎవరో లేపటం మర్చిపోయారనిపించింది.

జూన్ మొదటి వారంలో పేపర్లో బ్రోన్ ఫొటో వచ్చింది. నాన్న దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అతికించాడు. పాలు తీసుకోవాలన్నా అక్క నవ్వుముఖం పక్కకి జరపాల్సిందే. కింద రాసి ఉంది: పొలంలో పెరిగిన ఈ శాస్త్రవేత్త చిన్ననాడే ఒక పగిలిన గుడ్డులో ఈ రహస్యాన్ని గమనించింది.

పళ్లెం లేదు. చెల్లెలు లేదు. ఆదివారం నాన్న కూడా లేడు.

ఆ వారం నగరంలో అక్క ప్రయోగశాలకి పంపాల్సిన ఆరు గుడ్ల మీద టామ్సిన్ మూడు రోజులు వెనకటి తేదీ వేసింది. అక్క లెక్కలు ఒక వారం తికమకపడితే చాలనుకుంది. నల్లి కుట్టినంత బాధ, అంతే. కానీ గుడ్లు ఆ తేదీ చదువుకున్నాయి. అమ్మో, మూడు రోజులు వెనకబడిపోయాం అనుకుని కంగారుపడ్డాయి. కాళ్లు ఎలాగూ వేళకే లేస్తాయి కాబట్టి, ఇక తొందరపెట్టి లేపటానికి మిగిలినవి రెక్కలే.

ఇరవయ్యో తారీకున బ్రోన్ ఫోన్ చేసింది.

“టామ్, ఐదు గుడ్లూ తెరిచాను. రెక్కలు కాళ్లతోపాటే లేచి ఉన్నాయి. ఇంతింత! మా ప్రయోగశాల పెద్దావిడ చూసి, కోడి పిండాలేమైనా కలిశాయా అంటోంది.”

“అవునా,” అంది టామ్సిన్.

“తేదీలు నువ్వే రాశావు కదా?”

“ఇంకెవరు రాస్తారు? నాన్నా?”

బ్రోన్ నవ్వలేదు. “సరే. అయితే తప్పు నాదే. ట్రేలు ఎక్కడో కలిపేసి ఉంటాను. నీ రాత తప్పదుగా.”

అప్పుడు చెప్పొచ్చు. ఫోన్ చేతిలోనే ఉంది. “వంట మాడుతోంది” అని పెట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆరో గుడ్డు నగరానికి వెళ్లలేదు. పంపే పెట్టెలో ఐదు గూళ్లే ఉన్నాయి. పెన్సిల్ గీత చెరిపేద్దామనుకుంటూనే టామ్సిన్ దాన్ని తీసుకెళ్లి కార్పొరల్ కిందకి తోసింది. కార్పొరల్ ముసలి మగ ఈము. ఈముల్లో పొదిగేది తండ్రే. ఎనిమిది వారాలు తిండి మానేసి కూర్చుంటాడు. అప్పటికే ఏడు గుడ్ల మీదున్నాడు, ఎనిమిదోదాన్ని మెడ వంచి లోపలికి లాక్కున్నాడు.

ఆగస్టులో ఎనిమిది చారల పిల్లలు బయటికొచ్చాయి. ఒకదానికి ఒంటి పొడవున రెక్కలున్నాయి.

“దీనికి రెక్కలొచ్చాయే,” అన్నాడు నాన్న. “పైన వల కట్టాలి.”

ఉత్తరాలు తెచ్చే డాట్ వ్యానులోంచి తల బయటపెట్టింది. “కరెంటు తీగలు జాగ్రత్త, గార్త్. పోయినేడు నా కాకటూ చిలుక అలాగే పోయింది.”

అక్కడితో ఆ సంగతి అయిపోయింది.

వల ఎవరూ కట్టలేదు. సెప్టెంబరుకి ఆ పిల్ల నీళ్ల ట్యాంకు మీదికి ఎగిరింది. అక్టోబరుకి దొడ్డి చుట్టూ తిరిగొచ్చేది. అది పైన ఎగురుతుంటే కింద కార్పొరల్ మెడ పైకెత్తి పరుగెత్తేవాడు. మిగిలిన ఏడూ వెనక ఉప్పునేల తుప్పల్లో చెల్లాచెదురుగా తడబడుతూ వచ్చేవి. వాటివంక తిరిగి చూసేవాడు కాదు. టామ్సిన్ కంచె పట్టుకుని ఆ ఏడింటినే చూసేది. ‘అంతే. ఎగిరేదుంటే నడిచేవాటిని ఎవరు చూస్తారు’ అనుకునేది. పక్షిపిల్ల మీద కూడా ఈర్ష్యపడే స్థితికొచ్చింది.

నవంబరులో బ్రోన్ మళ్లీ ఫోన్ చేసింది, ఈసారి నాన్నకి. గురువారం పదింటికి ప్రయోగశాలలో సమావేశమట. తన అశ్రద్ధ వల్లే లెక్కలు చెడ్డాయని రాసిచ్చి, పని వదిలేసి, ఇంటికి వచ్చేస్తుందట. ఎప్పటికీ.

బుధవారం మధ్యాహ్నం టామ్సిన్ వచ్చేసరికి నాన్న అక్క గదికి రంగు వేస్తున్నాడు. లేత నిమ్మపండు రంగు.

“ఇదెందుకిప్పుడు?”

“బ్రోన్ వస్తోందిగా. కుంగిపోయి వస్తుంది పిల్ల. కాస్త వెలుతురుగా ఉంటుందని.”

“నా గదికి రంగేసి పదేళ్లయింది.”

“నువ్వు ఇక్కడే ఉన్నావు కదే.”

“ఇక్కడే ఉన్నవాళ్లకి గోడలు కనపడవా నాన్నా?”

గార్త్ బ్రష్ డబ్బా మీద పెట్టాడు. నిజంగానే ఆలోచించాడు. “రేపు నీది కూడా వేస్తాలే. డబ్బాలో మిగిలితే.”

ఎగిరినప్పుడూ అక్కదే ఫ్రిజ్ తలుపు, పడినప్పుడూ అక్కకే నిమ్మపండు రంగు. టామ్సిన్‌కి ఏడవాలనిపించింది, నవ్వొచ్చింది కూడా. అదే సమయంలో తెరిచిన కిటికీలోంచి ఆ రెక్కల ఈము పిల్ల లోపలికొచ్చి పడింది. రంగు పళ్లెంలో దిగి, గదంతా మూడేసి వేళ్ల గుర్తులు వేస్తూ గోడ దాకా వెళ్లి కూలబడింది.

టామ్సిన్ దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అన్నాళ్లూ ఎగరటమే చూసింది. నేల మీది గుర్తుల్లో ఎడమ కాలిది సరిగ్గా పడలేదు, ఈడ్చిన గీత ఉంది. ఒళ్లోకి తీసుకుని తడిమింది. రెక్క దృఢంగా ఉంది. కాలు పుల్లలా ఉంది. రెక్కలకి ముందుగా వెళ్లిపోయిన సరుకు ఆ కాలి దాకా రాలేదు. తోటి ఏడింటితో సమానంగా పరుగెత్తలేక ఎగిరేది అది. దాని గుండె ఆమె అరచేతిలో దడదడ కొట్టుకుంటోంది.

కిటికీ బయట కార్పొరల్ వచ్చి నిలబడ్డాడు, రొప్పుతూ. మెడ లోపలికి పెట్టి పిల్లని ఒళ్లంతా ముక్కుతో తడిమి చూసుకున్నాడు. ముందు కుంటికాలు. తర్వాత మిగతా ఒళ్లు. రెక్కల వైపు అసలు చూడలేదు.

అన్ని నెలలూ అతను మెడెత్తి పరుగెత్తింది మురిసిపోయి కాదన్నమాట.

“పాపం, అలిసిపోయింది,” అన్నాడు నాన్న, బ్రష్ తుడుచుకుంటూ. “అవునూ, దీని సంగతి బ్రోన్‌కి చెప్పావా? రెక్కల మీదేగా దాని పని.”

“నువ్వు చెప్పలేదా?”

“నేను ఫోన్లో వానల గురించి చెప్తాను. నువ్వు చెప్పి ఉంటావనుకున్నా.”

డాట్ చెప్పలేదు. ఇరుగుపొరుగు చెప్పలేదు. రెక్కలొచ్చిన ఈము ఒకటి ఎదురుగా తిరుగుతుంటే, అది ఫోన్ చేసి చెప్పాల్సినంత విషయమని ఎవరికీ తట్టలేదు. తట్టిన ఒక్క మనిషీ నోరు మూసుకుంది. బ్రోన్ ఆ ఐదు గుడ్లలో చూసింది నిజం. దానికి సాక్ష్యం టామ్సిన్ ఒళ్లో రంగు పూసుకుని కూర్చుంది. గుడ్డు మీద రాసింది గుడ్డు నమ్ముతుందని ఆ సమావేశంలో పెద్దావిడ ఒప్పుకుంటుందో లేదో తెలియదు. ఈ పిల్లని తీసుకెళ్లి బల్ల మీద నిలబెడితే మాత్రం కోడి పిండాలు కలిశాయని ఎవరూ అనలేరు.

చెప్తే పెన్సిల్ పోతుంది. ‘నీ రాత తప్పదు’ అన్న మాట ఇక ఎవరూ అనరు. ఈ ఇంట్లో తనకంటూ ఉన్నది ఆ మాట ఒక్కటే.

పిల్లని కిటికీలోంచి కార్పొరల్‌కి అందించింది. అతను అక్కడే గోడ పక్కన కూర్చుని ఈకలు పైకెత్తాడు. పిల్ల దూరింది. ఒక రెక్క పట్టక బయటే ఉండిపోయింది. ఎక్కడెక్కడి నుంచో ఏడూ వచ్చి మిగిలిన చోట్లో తోసుకుంటూ దూరాయి. అతను కొంచెం జరిగాడు. అన్నీ పట్టాయి.

“నాన్నా, ఆ రంగు ఇక వెయ్యకు,” అంది టామ్సిన్.

“సగం గోడ అయింది కదే!”

“ఆ సగం అలాగే ఉండనీ. బ్రోన్ రాదు.”

వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్ మీది ఫొటోని ఈసారి పక్కకి జరపలేదు, దానివంక సూటిగా చూసింది. పళ్లెం సంగతి కూడా అడుగుతాను, అనుకుంది. కానీ అది రెండోది. ముందు నా తేదీ సంగతి.

చెవి వెనక పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టి, గోడకున్న ఫోన్ అందుకుంది.