తలుపు ముందు సర్దార్

పెళ్లయి నెల తిరక్కముందే నూరీన్‌కు ఒక సంగతి తెలిసిపోయింది: తన భర్త హారిస్‌కు ఆదివారం మధ్యాహ్నాల్లో ఇంకో లోకం ఉంది. అది కరీంనగర్‌లోని అత్తగారింటి మేడగదిలో, ఒక బల్ల మీద. హారిస్ కథ చెబుతాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక పాత్రయి, తామేం చేస్తారో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మిగతాది పాచిక చూసుకుంటుంది. ఆదిలాబాద్‌లో పుట్టి పెరిగిన నూరీన్ ఇంత ముచ్చటైన పిచ్చిని ఎక్కడా చూడలేదు.

వీరులు ముగ్గురు. తాళాలు తీయడంలో ఆరితేరిన దొంగ గోపాల్, మంత్రగత్తె హర్షిణి, హారిస్ స్నేహితులైన వాళ్లిద్దరికీ సర్దార్ అవేజ్. అవేజ్ హారిస్ పెద్దనాన్న కొడుకు, అందరికంటే పెద్దవాడు. నాయకుడికి ఇంతకన్నా అర్హతలేం కావాలి? దావత్‌లో పెద్దవాళ్లు మొదలుపెట్టందే ఎవరూ ముద్ద ముట్టనట్టు, ఇక్కడా అవేజ్ ఊ అననిదే ఎవరూ కదలరు. అవేజ్ ఊ అనడు. ఆ విధంగా వీరులు నెలరోజులుగా గుహ తలుపు ముందు వీరోచితంగా నిలబడి ఉన్నారు.

తలుపు అవతల ఉన్నదేదో బల్ల చివర తువ్వాలు కింద ఉంది. హారిస్ రోజూ దుకాణం నుంచి వచ్చాక అట్టముక్కలూ జిగురూ ముందేసుకుని చేసినది. కొత్త పెళ్లాన్ని కూడా చూడనివ్వలేదు. అతని వేళ్లకంటిన పచ్చరంగు వదల్లేదు. నూరీన్‌కు ఆ వేళ్లు కూడా ముద్దొచ్చాయి.

"హారిస్, ఇయ్యాల గూడ తలుపు తెరుసుకోకుంటే వచ్చే ఐతారం నేను క్రికెట్‌కు పోత," అన్నాడు గోపాల్ కూర్చుంటూనే.

"నేను గూడ రాను," అంది హర్షిణి.

హారిస్ నవ్వాడు గాని, అతని చెయ్యి ఊరికే తువ్వాలు సర్దింది. ఇద్దరూ మానేస్తే ఇక ఆటే లేదు. తువ్వాలు కిందిది అలాగే అటకెక్కుతుంది. నూరీన్ మనసు చివుక్కుమంది.

"నేను గూడ ఆడత," అంది.

"ఆడు దుల్హన్. లాంతరు పట్టుకునే ముసలమ్మవై మా ఎనక నడు. జర చాయ్ దొరుకుతదా?" అన్నాడు అవేజ్. నెలరోజుల్లో ఆయన తడుముకోకుండా ఇచ్చిన ఆజ్ఞ అదొక్కటే.

ముసలమ్మ చాయ్ తెచ్చి కూర్చుంది.

"నేను తాళం జూస్త," అన్నాడు గోపాల్.

"జర ఆగు. విషపు ముల్లుంటే?" అన్నాడు అవేజ్.

"మంత్రమేసి చూడాల్నా అన్నా?" అంది హర్షిణి.

"మంత్రం ఖతమైతే లోపలికి పోయినంక ఏం జేస్తవ్? ముందు అందరి రాయ్ తీసుకుందాం. ప్లాన్ లేకుంటే పరేషాన్ అయితం."

"మనెంట బయలెల్లినోళ్లు కొండగట్టెక్కి దర్శనం జేసుకొని ఇంటికి జేరిన్రు," గోపాల్ గొణిగాడు.

అభిప్రాయాలు సేకరించడంలో అవేజ్‌ను మించినవాడు లేడు. ఒకరిది విని తలూపుతాడు. దానికి సరిగ్గా వ్యతిరేకమైనది విని ఇంకా బాగా ఊపుతాడు.

నూరీన్ తువ్వాలు వైపు చూసింది. అది చూడకుండా ఇంకో వారం బతకడం తనవల్ల కాదు.

"ముసలమ్మ పోయి తలుపు నూకుతది," అంది.

"ఎవర్ని అడిగినవ్?" అవేజ్ అదిరిపడ్డాడు.

"ముసలమ్మకు చెవుడు భాయ్‌జాన్. మీ ప్లాన్ ఇనవడలే."

హారిస్ గొంతు సవరించుకున్నాడు. "తలుపు తెరుసుకున్నది. పాచిక గూడ అక్కర్లే. దానికి తాళమే లేకుండె."

"లేకుండెనా! నెల సంది గా ముచ్చట చెప్పవైతివి?" అన్నాడు గోపాల్.

"ఎవరన్న నూకి చూసిన్రా?"

తువ్వాలు లేచింది. మూరెడు పొడవు పచ్చటి డ్రాగన్. పాత గొడుగుగుడ్డ రెక్కలు, దువ్వెన పళ్ల కోరలు. నోట్లో వెలిగే ఎర్రబల్బు తమ పెళ్లిపందిరి లైట్లలోదని నూరీన్ ఇట్టే గుర్తుపట్టి చప్పట్లు కొట్టింది. హారిస్ సిగ్గుపడుతూనే పాచిక వేశాడు. డ్రాగన్ నిప్పులు కక్కి ముసలమ్మను లాంతరుతో సహా బూడిద చేసింది.

"ఎనక్కి! అందరు ఆగున్రి!" అరిచాడు అవేజ్.

ఎవరూ ఆగలేదు. గోపాల్ అప్పటికే తోక మీదికి ఎక్కేశాడు. హర్షిణి ఎవరినీ అడక్కుండా మంత్రం విసిరింది. ఇద్దరూ పాచిక కోసం కొట్టుకుంటున్నారు.

"వచ్చే ఐతారం జర జల్ది షురూ జేద్దాం," అన్నాడు గోపాల్ చెమట తుడుచుకుంటూ. క్రికెట్ ఊసే లేదు. హారిస్ నూరీన్ వైపు చూసిన చూపుకు ఆమె మరోసారి బూడిదయ్యేదే.

"జూసిన్రా? నేను ఆగుమన్నందుకే ముసలమ్మకు మోక దొరికింది. గదే నా ప్లాన్," అన్నాడు సర్దార్. "దుల్హన్, ఇంకో చాయ్..."

"చచ్చినోళ్లు చాయ్ ఎట్ల పెడ్తరు భాయ్‌జాన్?"

గదంతా గొల్లున నవ్వింది. అవేజ్ మెట్లు దిగక తప్పలేదు. కాసేపటికి వంటింట్లోంచి గొంతు వినిపించింది:

"చక్కెర ఎంత ఎయ్యాల్నో ఒక్కొక్కరు మీ రాయ్ చెప్పున్రి!"